సెలవు మీద వచ్చిన టోపీ

ఆ రోజు పొద్దున ఊర్మిల పెట్టుకున్న పని ఒక్కటే. కోరుట్ల పోయి టోపీకి మూత ఉన్న డబ్బా కొనుక్కురావాలి. పొద్దుటి బస్సుకు పోతే మధ్యాహ్నానికల్లా తిరిగొచ్చి, చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టడానికి కూర్చోవచ్చు. డబ్బా కొనడానికి పోయిన మనిషి వచ్చేసరికి ఇంటి ముందు ఊరంతా కూడుతుందని ఎవరనుకుంటారు?

ముందు ఆ టోపీ సంగతి చెప్పాలి. ఊర్మిల మొగుడు జలపతి దుబాయిలో ఉంటాడు. తాతతండ్రులు కల్లుకు తాళ్ళు గీసినవాళ్ళు. తాళ్ళు పోయాయి, బోరు ఎండింది. చుట్టుపక్కల ఊళ్ళలో సగం మంది మగవాళ్ళు ఎక్కిన విమానమే జలపతీ ఎక్కాడు. అక్కడ అదృష్టం కొద్దీ ఎండలో పని తప్పింది. కంపెనీలో పెద్ద ఇంజనీరు, ఇంగ్లండు ముసలాయన, తన ఇంటి పనికి పెట్టుకున్నాడు. చాయ కాచాలి, కారు కడగాలి, బట్టలు ఇస్త్రీ చేయాలి. అన్నిటికన్నా ముఖ్యంగా ఆయన టోపీని చూసుకోవాలి.

అది ఉన్నిని ఒత్తి చేసిన బూడిదరంగు టోపీ, చుట్టూ అంచు. ముసలాయనకు వాళ్ళ నాయన ఇచ్చి పోయింది. చలికాలంలో అది ఆయన తల మీద ఉంటుంది, మిగతా ఏడాదంతా దాని బరువు జలపతి తల మీద ఉంటుంది. చలి రోజుల్లో ప్రతి సాయంత్రం మెత్తటి బ్రష్షుతో ఒకే వైపు దువ్వాలి, ఎదురు దువ్వితే నూగు లేస్తుంది. ఇసుక గాలులప్పుడు మెల్లగా తట్టి దులపాలి. తడిస్తే నీడనే ఆరనివ్వాలి. ఎండాకాలం రాగానే ముసలాయన తన దేశం పోతాడు, ఇంటికి తాళం పడుతుంది, ఏసీ బందవుతుంది. పోయిన ఏడు ఆ మూసిన ఇంట్లో టోపీ ఉడికిపోయి లోపలి తోలుపట్టీ పగిలింది, అంచు అప్పడంలా వంకరపోయింది. తిరిగొచ్చిన ముసలాయన ఒక్క చూపు చూసి, దానికి కొత్త పట్టీ వేయించి, అంచు సరి చేయించుకున్నాడు. తిట్టినా బాగుండేది. ఆ చూపుకు జలపతికి రెండు రోజులు అన్నం దిగలేదు.

ఈసారి పోయేముందు ఆయన టోపీని జలపతి చేతిలో పెట్టి, చల్లని చోట ఉంచమన్నాడు. వచ్చాక నీ వీసా సంగతి చూస్తానన్నాడు. రెండు మాటలూ ఒక్క ఊపిరిలో అన్నాడు. టోపీ బాగుంటే వీసా బాగుంటుందని అర్థం కావడానికి జలపతికి పెద్ద ఇంగ్లీషు అక్కరలేదు. మరి చల్లని చోటు ఎక్కడుంది? దుబాయిలో ఉన్న చల్లదనమంతా పెద్దవాళ్ళ తాళాల వెనక ఉంది. ఆలోచించగా ఆలోచించగా ఈ భూమ్మీద తనకు తెలిసిన చల్లని చోటు ఒకటి తట్టింది. ఊళ్ళో తమ పెంకుటింటి నడిమి గది, ఊరి మాటలో అర్ర. మూరెడు మందం మట్టి గోడలు, మూలన నీళ్ళ కుండ. సరిగ్గా అప్పుడే దోస్తు హన్మంతు మూడు నెలల సెలవు మీద ఊరికి పోతున్నాడు. నాలుగేళ్ళుగా అడుగుతున్నా జలపతికి దొరకని సెలవు అట్లా టోపీకి దొరికింది.

హన్మంతు పక్క ఊరివాడు. టోపీని సూట్‌కేసులో కుక్కొద్దని జలపతి చెప్పాడని విమానంలోనూ బస్సులోనూ ఒళ్ళో పెట్టుకునే వచ్చాడు. జగిత్యాల బస్టాండులో ఎవరో పెద్దమనిషి మేజిక్ చేసేవాడనుకుని ఆట ఎక్కడని అడిగాడట. ఇంటికొచ్చి ఊర్మిలకు, అత్త పోశవ్వకు జాగ్రత్తలన్నీ అప్పజెప్పాడు. నెత్తి భాగం పట్టుకోవద్దు, అంచు పట్టుకోవాలి. తలకిందులుగా పెట్టాలి, లేకపోతే అంచు చదునైపోతుంది. ఎండ తగలొద్దు, మంట తగలొద్దు, నీళ్ళు తగలొద్దు. ఎలుక, పురుగు దగ్గరికి రావొద్దు. ఇంతవరకు గడగడ చెప్పినవాడు, "మావోడు ఎట్లున్నడు కొడుకా?" అని పోశవ్వ అడగ్గానే నేల చూపులు చూశాడు.

"మంచిగనే ఉన్నడు పెద్దవ్వా," అని, పెట్టిన చాయ కూడా తాగకుండా, సిరిసిల్లలో అత్తగారింటికి పోవాలని లేచాడు.

ఆ నేల చూపులకు కారణం ఉంది, మీకు చెప్తే తప్పులేదు. ముసలాయన అటు విమానమెక్కగానే కంపెనీవాళ్ళు జలపతిని ఎడారిలో కొత్త రోడ్డు పనికి తోలారు. పాపం, నిప్పుల్లాంటి ఎండలో సిమెంటు బస్తాలు మోస్తున్నాడు. అక్కడ ఫోను కలవదు. ఏసీ ఇంట్లో ఉన్నానని ఇంట్లోవాళ్ళకు నాలుగేళ్ళుగా చెప్పుకున్నవాడు, ఈ సంగతి చెప్పొద్దని హన్మంతు చేతులు పట్టుకున్నాడు. హన్మంతుకేమో అబద్ధం ఆడడం రాదు. రానివాడు ఆడితే ఇట్లాగే ఉంటుంది.

అత్తాకోడళ్ళు టోపీని తాకి చూశారు. పోశవ్వ అంచు పట్టుకుని నిమిరి, ఇది గొంగడి తప్ప మరేం కాదని తేల్చేసింది. గొంగడిని కాపాడడం ఆమెకు ఒకరు చెప్పాలా? నడిమి అర్రలో జలపతి తెల్ల ధోతి ఉతికింది తీసి నేల మీద పరిచింది. దాని మీద టోపీని తలకిందులుగా పెట్టింది. పురుగు రాకుండా చుట్టూ వేపకొమ్మలు పేర్చింది. చీకట్లో ఎలుక రాకుండా పక్కన దీపం పెట్టింది. పెట్టి, గోడకు ఒరిగి చెంపకు చెయ్యి ఆనించుకుని కాపలా కూర్చుంది. ఇంత ఉన్నిముక్కకు సెలవిచ్చి మనిషికి ఇవ్వని కంపెనీ మీద ఆమెకు చెప్పలేనంత కోపంగా ఉంది. నాలుగు రోజులుగా కొడుకు ఫోను కూడా లేదు.

ఊర్మిల డబ్బా కోసం కోరుట్ల బస్సెక్కింది. ఆమె అటు పోగానే పక్కింటి మల్లక్క బీడీల దారం అడగడానికి వచ్చింది. గుమ్మం దగ్గర నిలబడి లోపలికి తొంగి చూసింది. తెల్లబట్ట, వేపకొమ్మలు, దీపం. మధ్యలో ఎవరిదో దుబాయి టోపీ, తలకిందులు చేసి ఉంది. చనిపోయినవాళ్ళ మంచమే కదా ఆ ఊళ్ళో తలకిందులు చేసేది. పక్కన ముసలమ్మ, చెంపకు చెయ్యి. ఆమె టోపీ వైపు చూస్తూ తనలో తాను గొణుగుతోంది.

"నా కొడుకు రాకపాయె. నువ్వన్న అచ్చినవు."

మల్లక్కకు సంగతి అర్థమైపోయింది. గల్ఫ్ ఇళ్ళలో ఇట్లాంటిది చూస్తే అక్కడ ఎవరూ నోరు తెరిచి అడగరు. దారం మాట మరిచి, చప్పుడు కాకుండా వెనక్కి నడిచి, నేరుగా సత్తయ్య ఇంటికి పోయింది.

సత్తయ్య ఊళ్ళో పెద్దమనిషి. గల్ఫ్‌లో చనిపోయిన ఊరివాళ్ళను విమానాశ్రయం నుంచి ఇంటికి తెచ్చిన అనుభవం ఉన్నవాడు. ఏ గేటు దగ్గర నిలబడాలో, ఏ కాగితం ఎవరికివ్వాలో ఆయనకు కంఠతా వచ్చు. మనసు మంచిదే. కానీ తెలిసినవాడు. ఈ గోలంతా ఆ తెలియడంతోనే వచ్చింది.

మల్లక్క చెప్పింది విని ఆయన కళ్ళు మూసుకున్నాడు. "అక్కడ మనిషి పోతే ముందుగాల సామాను అస్తది," అన్నాడు. "అటెన్క ఫోన్ బందయితది. అటెన్క తోటోళ్ళు మొఖం తప్పిస్తరు. మూడు గుర్తులు. జలపతి ఫోన్ కలుస్తుందా?"

కలవలేదు. ఆయన అనుమానానికి మూడింట్లో రెండు తేలిపోయాయి. మూడోది తేల్చుకోవడానికి, టోపీ తెచ్చిన హన్మంతును వెతుక్కుంటూ బండి తీసి సిరిసిల్ల పోయాడు. హన్మంతు అప్పుడు అత్తగారింట్లో కోడికూరతో అన్నం తింటున్నాడు. గుమ్మంలో సత్తయ్యను చూడగానే జలపతి రోడ్డు పని సంగతి బయటపడిందనుకున్నాడు.

"జలపతి సంగతి మాకు తెల్సింది, ఇంక దాచకు," అన్నాడు సత్తయ్య.

హన్మంతు ముద్ద పళ్ళెంలో వదిలేశాడు. "ఇంట్ల చెప్పద్దని నా చేతులు పట్టుకున్నడు మామా. ఊర్మిలక్క తట్టుకోదన్నడు. నేను మాటిచ్చిన. నన్నేం అడుగకున్రి."

"ఎండకేనా?"

"ఎండకే," అని హన్మంతు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆ ఎండలో బస్తాలు మోసే దోస్తు కళ్ళ ముందు మెదిలాడు మరి. సత్తయ్య అతని భుజం తట్టి, ఆఖరి మాట నిలబెట్టావని మెచ్చుకుని వచ్చేశాడు. దేనికి మెచ్చుకున్నాడో హన్మంతుకు అర్థం కాలేదు. ఇక ఊర్మిల మొహం ఎట్లా చూడాలన్న భయంతో, అత్తగారివాళ్ళను వెంటేసుకుని వేములవాడ దర్శనానికి పోయాడు.

కోరుట్లలో ఊర్మిల తిప్పలు వేరు. చిన్న డబ్బాలో టోపీ పట్టదు, పట్టేంత పెద్ద డబ్బాకు మూత సరిగా లేదు. దేనికమ్మా అని దుకాణదారు అడిగితే టోపీకని చెప్పింది. మీ ఆయన పోలీసా అని అడిగాడు. కాదంటే, మరి పెళ్ళి బ్యాండా అన్నాడు. చివరికి విసిగిపోయి బట్టలు పెట్టుకునే రేకుపెట్టె కొని నెత్తిన పెట్టుకుని బస్సు దిగింది. ఇంటి ముందు ఆడవాళ్ళు బారుగా కూర్చుని ఉన్నారు. ఆమె నెత్తి మీది పెట్టె చూసి ఒకరిద్దరు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అందరూ దారి ఇచ్చారు. ఎప్పుడూ గొడవ పడే ఎదురింటి ఆమె కూడా మెల్లగా వీపు నిమిరింది. మల్లక్క పెట్టె దించి, ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఇయ్యాల నువ్వు పొయ్యి ముట్టియ్యకు బిడ్డా. అన్నం నేను తెస్త."

ఎవరి ఇంట్లో పొయ్యి ముట్టించొద్దంటారో ఊర్మిలకు తెలియదా? ఆమె కూడా ఎన్నో ఇళ్ళకు అట్లా అన్నం మోసినదే. అడుగుదామనుకుని ఆగింది. అడిగితే వాళ్ళు చెప్తారు, చెప్తే నిజమవుతుంది. ఇంట్లోకి పోయి ఫోను తీసి జలపతికి కలిపింది. కలవలేదు. మళ్ళీ కలిపింది. నడిమి అర్రలో అత్త దీపం పక్కన అట్లాగే కూర్చుని ఉంది. ఈ ముసలిది వింటే గుండె పగిలి పోతుంది, ఈమెకు తెలియనివ్వకూడదని ఊర్మిల గట్టిగా అనుకుంది.

అక్కడ పోశవ్వ అనుకుంటున్నదీ అదే. పెరటి గోడ అవతల ఆడవాళ్ళు గుసగుసలాడింది ఆమె చెవిన అప్పటికే పడింది. కోడలు చిన్నది, తట్టుకోలేదు, తెలియనివ్వకూడదని పళ్ళ బిగువున కూర్చుంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా కాసేపు టోపీ వైపు చూశారు. తర్వాత ఊర్మిల ఏం చేసిందంటే, ఉలుకూ పలుకూ లేని ఫోను చెవికి పెట్టుకుంది.

"హలో. ఆఁ, తిన్న. నువ్వు తిన్నవా? మంచిగున్నవా?" అని, అత్త వైపు తిరిగి నవ్వబోయింది. "అత్తా, మీ కొడుకే. మంచిగున్నడట. టోపీ పైలం అంటున్నడు."

కొడుకు ఇక లేడని నమ్మిన పోశవ్వ ఆ నవ్వు చూసింది. కోడలు తన కోసమే నాటకం ఆడుతోందని తెలుసుకుంది. ఆడనీ, తనకు తెలియదనుకుంటేనే ఆ పిల్ల నిలబడుతుంది. చెయ్యి చాపి ఫోను తీసుకుంది. ఆ నల్లటి అద్దంతో మెల్లగా మాట్లాడింది.

"కొడుకా, ఎండల తిరుగకు. టోపీ నా దగ్గర భద్రంగున్నది. నువ్వు పైలం."

మల్లక్క అన్నం గిన్నెతో అప్పుడే లోపలికి వచ్చింది. వెలగని ఫోనుతో ఒకరి తర్వాత ఒకరు చనిపోయిన మనిషితో మాట్లాడడం కళ్ళారా చూసింది. దుఃఖానికి ఇద్దరికీ మతి తప్పిందని నిర్ధారించుకుని, మంచి మాటలు చెప్పి ఫోను తీసుకుని, దాన్ని పూర్తిగా బంద్ చేసి, తన ఇంట్లో బియ్యం కుండలో దాచింది. ఆమె ఉద్దేశం మంచిదే. ఆ ఊళ్ళో ఆ వారమంతా ఎవరి ఉద్దేశమూ చెడ్డది కాదు.

మర్నాడు ఇంటి ముందు టెంటు పడింది. గుంజలు పాతుతుంటే ఇక దాచడానికేముంది? అత్తాకోడళ్ళు ఒకరి మీద ఒకరు పడి ఏడ్చారు. నీకు ముందే తెలుసా అంటే నీకు ముందే తెలుసా అనుకుని ఇంకా ఎక్కువ ఏడ్చారు. మెట్‌పల్లి నుంచి, రుద్రంగి నుంచి చుట్టాలు దిగారు. సత్తయ్య ఒక్క క్షణం కూర్చోలేదు. మండలం నుంచి దుబాయి పోయినవాళ్ళందరికీ ఒక వాట్సాప్ గ్రూపు ఉంది, శవాలను పంపించడంలో వాళ్ళే ఆదుకుంటారు. ఆయన టెంటును, కుర్చీలను, మల్లక్క భుజం మీద వాలి ఏడుస్తున్న ఊర్మిలను ఫొటో తీసి ఆ గ్రూపులో పెట్టాడు. శవం కళ్ళబడే దాకా చావు మాట రాయడం అరిష్టమని ఆయన నమ్మకం. అందుకని ఏమీ రాయకుండా దండం బొమ్మలు మాత్రం పెట్టాడు. ఫొటోలో పోశవ్వ లేదు. ఆమె టోపీని వదిలి బయటికి వస్తే కదా.

రోజులు గడిచాయి. శవం సంగతి ఎవరూ చెప్పలేదు. ఏ ఆఫీసుకు ఫోను చేసినా చనిపోయినవాళ్ళలో ఆ పేరు లేదన్నారు. లేకపోవడమే సత్తయ్యకు పెద్ద రుజువైంది, పోయినసారి కూడా ముందు ఇట్లాగే లేదన్నారట. చుట్టాలకు నాట్ల పనులున్నాయి, ఎన్నాళ్ళు కూర్చుంటారు? చివరికి ఆయనే తీర్పు చెప్పాడు. శవం రానప్పుడు గడ్డితో బొమ్మ చేసి, పోయినవాడి వస్తువు పెట్టి, వాగు ఒడ్డున దహనం చేస్తారు. పదకొండో రోజు ఎప్పుడని ఎవరో అడిగారు.

"ఏ రోజు పోయిండో తెల్వది," అన్నాడు సత్తయ్య. "గందుకని ఏ రోజైనా పదకొండో రోజే."

గడ్డి బొమ్మ తయారైంది. పాడె మీద పడుకోబెట్టి తెల్లబట్ట కప్పారు. తల దగ్గర పెట్టడానికి టోపీ ఇమ్మంటూ సత్తయ్య లోపలికి వచ్చాడు. పోశవ్వ టోపీని రేకుపెట్టెలో పెట్టి, వేపాకులు చల్లి, మూత వేసి, మూత మీద తాను కూర్చుంది.

"ఎండల పెట్టద్దని చెప్పి పంపిండు నా కొడుకు," అంది. "మంటల పెట్టనిస్తనా?"

సత్తయ్య నచ్చజెప్పాడు. "మనిషే లేనప్పుడు టోపీ ఎందుకు వదినె?"

"మనిషి చెప్పిన మాట ఉన్నది గద."

ఇంట్లో పాత అంగీలున్నాయి, అవి తీసుకోమంది ఊర్మిల. పాత అంగీలు పనికిరావన్నాడు సత్తయ్య, ఆఖరికి జలపతి చెయ్యి తాకి పంపింది టోపీ ఒక్కటే, శాస్త్రానికి అదే కావాలన్నాడు. ఊర్మిల ఇటు చూసింది, అటు చూసింది. మొగుడికి కర్మ జరగకపోతే ఎట్లా అన్న భయం ఒకవైపు ఉంది. ఆ టోపీ ముసలాయనది, తిరిగి పంపకపోతే పోయినవాడి మీద దొంగ పేరు పడుతుందన్న భయం ఇంకోవైపు ఉంది. ఏదీ తేల్చుకోలేక పోయి అత్త పక్కన పెట్టె మీదనే కూర్చుంది. ఇద్దరి బరువుకు రేకు కిర్రుమంది.

ఇద్దరినీ లేపడానికి పెద్దమనుషులు పెట్టెతో సహా ఎత్తి వాకిట్లోకి తెచ్చారు. లేవలేదు. అప్పుడే వాన మొదలైంది. పోశవ్వ గొడుగు తెప్పించుకుంది. తన మీద పట్టుకోలేదు, పెట్టె తాళం దగ్గర సందులోంచి నీళ్ళు దిగుతాయని అక్కడ పట్టుకుంది. పాడె తడుస్తోంది, డప్పులవాళ్ళు చూరు కిందికి జరిగారు, సత్తయ్య మాత్రం వానలో నిలబడి ముహూర్తం పోతోందని మొత్తుకుంటున్నాడు.

అంతలో కోరుట్ల వైపు నుంచి ఒక ఆటో వచ్చి టెంటు ముందు ఆగింది. అందులోంచి నల్లగా మాడిపోయి, పెదాలు పగిలి, బుగ్గలు పీక్కుపోయిన మనిషి దిగాడు. టెంటును చూశాడు, పాడెను చూశాడు. ఇంకెవరినీ చూడలేదు. పరుగున వచ్చి తెల్లబట్ట కప్పిన గడ్డి బొమ్మ మీద పడి భోరుమన్నాడు.

"అవ్వా! నాలుగేండ్ల సంది అడిగిన అవ్వా, సెలవు ఇయ్యకపాయిరి. నిన్ను ఆఖరి సూపు గూడ సూడకపోతి."

డప్పులవాళ్ళు రెండడుగులు వెనక్కి వేశారు. చుట్టాల్లో ఒకామె దేవుడా అని కూలబడింది. జలపతి చేతికి తగిలిన ఒళ్ళు గరగరమనేసరికి ఏడుపు ఆపి బట్ట తీశాడు. లోపల గడ్డి. ఏం అర్థం కాక చుట్టూ చూశాడు. అందరూ అతన్నే చూస్తున్నారు. వెనక నుంచి ఒక గొంతు వచ్చింది.

"కొడుకా, నేనిక్కడున్న."

పోశవ్వ పెట్టె మీది నుంచి లేవకుండానే చేతులు చాపింది. జలపతి పోయి ఆమె మోకాళ్ళ మీద తల పెట్టాడు. ఆమె తల నిమిరింది, చెవులు పట్టి చూసింది, మనిషేనని నమ్మింది. అప్పుడు మళ్ళీ ఏడ్చింది.

"టోపీకి సుక్క నీళ్ళు తగలనియ్యలె కొడుకా," అంది.

జరిగింది తర్వాత ముక్కలు ముక్కలుగా తేలింది. సత్తయ్య ఫొటోలో ఇల్లు జలపతిదని దుబాయివాళ్ళు గుర్తుపట్టారు. జలపతి రోడ్డు పనిలో బాగానే ఉన్నాడని వాళ్ళకు తెలుసు, ఊర్మిల ఫొటోలో ఏడుస్తోంది, ముసలమ్మ కనబడడం లేదు. ఇంకేముంది, తల్లి పోయిందనుకున్నారు. ఎడారికి మనిషిని పంపి కబురు చెప్పారు. జలపతి ఫోను కలిసే చోటికి వచ్చి ఊర్మిలకు చేస్తే బంద్ వచ్చింది, అది బియ్యం కుండలో ఉంది కదా. దాంతో జలపతికి అనుమానం తీరిపోయింది. తోటివాళ్ళు తలా ఇంత వేసుకుని టికెట్ తీశారు. నాలుగేళ్ళుగా సెలవుకు కరగని కంపెనీ సూపర్వైజరు ఫొటో చూసి కరిగి, తల్లి చావుకని వారం సెలవు రాసిచ్చాడు.

అందరూ సత్తయ్య వైపు తిరిగారు. ఆయన తడిసిన తువ్వాల పిండుకున్నాడు. "గుర్తులన్నీ కరెక్టుగనే ఉండె," అన్నాడు. "మనిషే తప్పిండు." ఎవరికీ కోపం రాలేదు. ఏడవడానికి వచ్చిన చుట్టాలంతా టెంటు కిందనే కూర్చుని కడుపునిండా తిని పోయారు. గడ్డి బొమ్మను బర్రె తింది.

ఇల్లు సద్దుమణిగాక ఊర్మిల మొగుడి చేతులు దీపం దగ్గరికి తీసుకుని చూసింది. అరచేతులు సిమెంటుకు ఒరుసుకుపోయి పగిలి ఉన్నాయి.

"గీ చేతులు ఏసీల పగిలినయా?" అంది.

జలపతి తల వంచుకున్నాడు. ఆమె కొబ్బరినూనె తెచ్చి రాసింది. ఆ నూనె చేతులు తుడుచుకున్నాకే ఆయన పెట్టె మూత తీశాడు. టోపీని అంచు పట్టుకుని ఎత్తి, లోపలి పట్టీ చూశాడు, అంచు చూశాడు, బ్రష్షు లేకపోతే మెత్తటి గుడ్డతో ఒకే వైపు దువ్వాడు. ఎక్కడా వంక లేదు. నాలుగేళ్ళలో అది అంత బాగా ఎప్పుడూ లేదన్నాడు. పోశవ్వ గర్వపడింది. ఇక ఏటా తన దగ్గరికే పంపమంది.

తర్వాత ఆయన అసలు చిక్కు చెప్పాడు. తల్లి చావుకిచ్చే సెలవు కంపెనీలో ఒక్కసారే ఇస్తారు. అది ఇప్పుడు వాడేసుకున్నట్టయింది. ఇక నిజంగా ఏదన్నా జరిగినా రానివ్వరు. పోశవ్వ చెంపకు చెయ్యి పెట్టుకుని లెక్క వేసుకుంది.

"గట్లయితె నువ్వు ఆ పని ఇడిసి ఇంటికి అచ్చేదాక నేను సావ," అంది. "నువ్వు పోయి పని చూసుకో."

వారం కాగానే జలపతి వెళ్ళిపోయాడు. టోపీకి మాత్రం సెలవు ఇంకా రెండు నెలలు మిగిలే ఉంది.